ఊరుకున్నవాళ్ళు ఒప్పుకున్నట్టు

మాస్టారి ముందుగది. గోడకి బౌద్ధశాఖల పటం, పటం కింద బల్ల. మాస్టారి పాఠాల పుస్తకం ప్రూఫులు ముందేసుకుని ఆయన అల్లుడు, కొడుకు, ప్రెస్సాయన. కిటికీ దగ్గర కుర్చీలో మాస్టారి కూతురు. అల్లుడికీ కొడుక్కీ పొద్దుటినుంచీ ఒకటే రగడ.

"పెన్ను కింద పెట్టరా బామ్మర్దీ. ఆ పేరాలో ఇంకొక్క అక్షరం కొట్టేశావంటే మర్యాద దక్కదు, చెబుతున్నా."

"దక్కడానికి ఇప్పుడు మిగిలిందేముంది బావా? నాన్న నలభయ్యేళ్ళు ఈ గదిలో పాఠం చెప్పాడు. 'పెద్దలు నిలబడ్డారు, గుంపు జారిపోయింది' అని ఒక్కనాడైనా అన్నాడా? ఇది నాన్న మాటా, మీ మాటా?"

"మావయ్య మాటే. ఈ చెవులతో విన్నాను."

"ఆ చెవులు విన్నది మీ గొంతే. మీరు నోరు తెరిస్తే ఇంకోళ్ళ మాట వినపడేదెక్కడ?"

"చూశావా ప్రెస్సాయనా, చూశావా? పుస్తకం మీద ఎడిటరని నా పేరు పడుతోందని వీడికి కడుపుమంట."

"నేను చూసేది గడియారం అల్లుడుగారూ. అక్కడ మిషను ఖాళీగా వదిలేసి వచ్చాను. మొదటి సంగీతి, అదే ఆ భిక్షువుల మొదటి సభ, ఓకే అన్నారు. మూడో సంగీతి ఓకే అన్నారు. మధ్యలో ఈ రెండోది తేల్చి నా మొహాన కొడితే నా దారిన నేను పోతాను."

"తేలిపోయింది. నేను రాసినట్టే వెయ్యి."

"అన్నా, వేశారంటే కోర్టుకెళతాను."

"వెళ్ళరా! జడ్జిగారికి పాఠం చెబుదువుగాని, వరండాలో నీ బ్యాచ్‌కి చెప్పినట్టు."

"వరండాలో ఎందుకు చెప్పాల్సొచ్చింది? గది తాళం మీ జేబులో వేసుకున్నారు కాబట్టి. నాన్న మంచాన పడ్డాడో లేదో గది మీదైపోయింది, శిష్యులు మీవాళ్ళైపోయారు. ఒకటే క్లాసుని గదివాళ్ళు, వరండావాళ్ళు అని రెండు ముక్కలు చేసింది మీరు."

"నువ్వు."

"మీరు!"

"నువ్వురా! నేను చెబుతుండగా లేచి నిలబడి 'ఈ పాఠం తప్పు, విననివాళ్ళు నాతో రండి' అని అరిచిందెవడు?"

"తప్పుని తప్పనే అన్నాను. రమ్మంటే వచ్చారు. లాక్కెళ్ళానా?"

"అయ్యా, అయ్యా, ఒక్క నిమిషం. క్లాసు రెండయిందని పోయేలోపు మాస్టారికి తెలిసిందా?"

"తెలిసే ఉంటుంది. వరండాలో వీడి అరుపులు మంచం దాకా వినపడలేదా?"

"గదిలో అరుపులు ఇంకా బాగా వినపడి ఉంటాయి. నాన్న మంచం గదిలోనే ఉండేది. ఇదిగో, ఇక్కడే, మీ కుర్చీ ఉన్నచోట."

"నోరు ముయ్యరా."

"మాస్టారు ఒక్క ముక్క రాసిపెట్టి పోయినా మనకీ తిప్పలుండేవి కావు."

"రాసేవాడు కాదు అన్నా. ఎవర్నీ రాయనిచ్చేవాడు కాదు. ఎవడైనా పుస్తకం తీస్తే, 'మూసెయ్, చెవులు తెరువు, అప్పట్లో అంతా చెవుల్లోనే దాచుకున్నారు' అనేవాడు. అందుకే ఈ పుస్తకం మేం విన్నవాళ్ళం కూర్చుని గుర్తుచేసుకుని రాయాల్సొచ్చింది. బావకి గుర్తున్నదేమో బావకి పనికొచ్చేదే."

"నీకు గుర్తున్నది నీ కాలేజీలో చప్పట్లు కొట్టించుకునేది."

"సరే, నాకు అర్థమయ్యేలా రెండు ముక్కల్లో చెప్పండి. అసలు గొడవేమిటి? ముందు మీరు అల్లుడుగారూ. అబ్బాయిగారూ, మీరు కాసేపు పళ్ళు బిగించుకోండి."

"ఏముందయ్యా, చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. బుద్ధుడు పోయాక వందేళ్ళకి వైశాలిలో భిక్షువులు నియమాలు సడలించారు. మధ్యాహ్నం దాటాక తినడం, కొమ్ములో ఉప్పు దాచుకోవడం, బంగారం వెండి పుచ్చుకోవడం, ఇలాంటివి పది. పెద్దలు సభ పెట్టి పదీ తప్పే అని తేల్చారు. తప్పన్నందుకు అలిగి గుంపు వేరుకుంపటి పెట్టింది. అదే రెండో సంగీతి. సంఘం చీలింది అక్కడే."

"అయిపోయిందా? అన్నా, అది పెద్దలవైపువాళ్ళు రాసుకున్న కథ. అవతలివాళ్ళు రాసింది కూడా ఉంది. అందులో గుంపుది తప్పేం లేదు. పెద్దలే నియమాలు ఇంకా పెంచబోయారు. పాతవి చాలు, కొత్తవి కలపొద్దని ఎక్కువమంది అడ్డం తిరిగారు. పాతదాన్ని పట్టుకుని ఉన్నది గుంపు, విడిపోయింది పెద్దలు. నాన్న ఆఖర్న ఇదే అనేవాడు."

"ఎవరితో అనేవారు?"

"నాతో."

"నువ్వొక్కడివే ఉన్నప్పుడు! ఇంకో పురుగు లేనప్పుడు! ఎంత బాగా కలిసొచ్చిందిరా!"

"మీరున్నప్పుడు ఆయనకి నోరు తెరిచే సందెక్కడిది?"

"మరి గోడమీద మాస్టారు గీసిన పటం ఉందిగా, దాన్ని చూస్తే సరిపోదూ? అందులో మాను ఏది, కొమ్మ ఏది? ...నాకైతే రెండూ ఒకే లావు కనిపిస్తున్నాయి."

"ఎడమవైపు పెద్దల శాఖ, కుడివైపు మహాసంఘం, అదే ఆ గుంపు. వాటిలోంచి మిగతావి. మొత్తం పద్దెనిమిది. మావయ్య కావాలనే సమానంగా గీశారు. చూసేవాళ్ళు ఆలోచించుకోవాలని."

"ఆలోచించుకోవాలని కాదు. ఏ శాఖ పుస్తకం తెరిస్తే ఆ శాఖే మాను, మిగతావాళ్ళంతా కొమ్మలు. అందుకని మాను గీయనన్నాడు. 'అరుచుకున్నవాళ్ళు రాసిందే మనకి దక్కింది, పక్కన కూర్చుని విన్నవాళ్ళు ఒక్క ముక్కా రాయలేదు' అనేవాడు."

"అది మాత్రం నిజమే. అనేవారు."

"అమ్మయ్య! ఒక్క మాట మీదకైనా వచ్చారు. ఉండండి, ఈ పేజీలు వరసన పెడతాను. బల్లమీద చోటు చాలట్లేదు, ఈ కూజా కింద పెడుతున్నా."

"దాన్ని ముట్టుకోకయ్యా."

"ఖాళీదేగా?"

"ఖాళీదే. మొన్న నేను తీసి వంటింట్లో పెడితే మా ఆవిడ మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టింది. ఏంటే ఇది అంటే పలకదు. అదిగో, లేచి వస్తోంది చూడు. ఇచ్చెయ్, ఇచ్చెయ్."

"తీసుకోండమ్మా. తప్పుగా అనుకోకండి, ఏదో కాగితాలకి చోటు లేదని. ...అక్కడే పెట్టుకోండి, నేను నేలమీద పరుచుకుంటాను."

"పరధ్యానం. మావయ్య పోయినప్పట్నుంచీ అంతే. పట్టించుకోకు. ఊ, ఇంకేముంది? కానియ్."

"మొదటి సంగీతిలో ఒకటుంది. నాలుగో పేజీ. 'ఆ సభలో ఛన్నుడికి వేసిన శిక్ష ఏమనగా' అని ఉంది, కింద ఇంకేమీ లేదు. వాక్యం సగంలో తెగింది."

"ఎలా తెగింది? నేను పూర్తిగా రాసిచ్చాను. బావా, మీరు కత్తిరించారు కదూ?"

"చోటు చాలలేదు. ఛన్నుడెవడు, వాడి గొడవెంత? చిన్న విషయం."

"చిన్న విషయమా? నాన్న ఆ పాఠం చెబితే గదిలో ఊపిరి వినపడేది. రాసుకో అన్నా. ఛన్నుడు బుద్ధుడి సారథి. ఆయన ఇల్లు విడిచిన రాత్రి గుర్రం పట్టుకుని వెంట వెళ్ళాడు. ఆ పొగరు భిక్షువయ్యాక కూడా పోలేదు. బుద్ధుడు మావాడు, ధర్మం మా సొత్తు, నాకు చెప్పడానికి మీరెవరు అని అందరిమీదా లేచేవాడు. బుద్ధుడు ఆఖరి ఘడియల్లో ఆనందుణ్ణి పిలిచి, నేను పోయాక ఛన్నుడికి బ్రహ్మదండం వెయ్యండి అన్నాడు."

"అంటే కర్రతోనా?"

"కర్ర కాదు. మాట్లాడకపోవడం. అతను ఏమైనా అనుకోవచ్చు, ఎంతైనా వాగొచ్చు. ఎవరూ బదులివ్వరు. మంచీ చెప్పరు, చెడ్డా చెప్పరు. తిట్టను కూడా తిట్టరు."

"ఇదేం శిక్షండీ బాబూ! మా ఆవిడ నాతో మాట్లాడకపోతే నాకు సెలవిచ్చినట్టుంటుంది."

"వేళాకోళం కాదు. శిక్ష పడిందని చెప్పగానే ఛన్నుడు మూర్ఛపోయాడు."

"ఓహో, వెళ్ళి చెప్పారన్నమాట. చెప్పకపోతే ఆయనకి తెలిసేదే కాదేమో."

"తెలియకపోవడమేమిటయ్యా, నీ మొహం! పక్కనున్నవాళ్ళు నోరు కట్టేసుకుంటే ఎంత తలపొగరు మనిషికైనా తెలీకుండా ఉంటుందా?"

"తెలిసినా తెలియకపోయినా చెప్పాలి అన్నా. అది పద్ధతి. ఆ పని ఆనందుడి నెత్తిన పడింది. అతను కోపిష్టి, ఒక్కణ్ణే వెళ్ళి ఎలా చెప్పను అని జంకాడు. తోడు మనుషుల్ని తీసుకుని వెళ్ళు అన్నారు పెద్దలు. అలాగే వెళ్ళాడు."

"రాసుకున్నాను. బానే ఉంది, వెయ్యాల్సిందే."

"సరే, అక్కడ వాడిదే కానియ్. కానీ వైశాలి దగ్గర మాత్రం నేను మెట్టు దిగను. బామ్మర్దీ, ఒక మాట చెప్పనా? ముందుమాట నువ్వు రాసుకో. నీ ఫోటో కూడా వేయిస్తాను. ఈ పేరా జోలికి రాకు."

"భలే! వైశాలిలో కూడా ఇదే చేశారు బావా. యశుడనే భిక్షువు వచ్చి ఇది తప్పురా నాయనా అంటే, వచ్చిన డబ్బులో నీ వాటా ఇదిగో, తీసుకుని ఊరుకో అన్నారు. నాకొద్దు అన్నాడు యశుడు. మీ కథలో హీరో ఆయనే, మీరు మాత్రం అవతలిపక్క కూర్చున్నారు."

"ఎంత మాటన్నావురా! లంచమా? ముందుమాట లంచమా?"

"మరేంటి, కానుకా?"

"మీ నాన్న మంచంలో ఉన్న ఆర్నెల్లూ నువ్వెన్నిసార్లు వచ్చావురా? వచ్చినప్పుడల్లా వరండాలోంచే వెళ్ళిపోయావు!"

"లోపలికి రానిచ్చారా? మీరు గుమ్మంలో కాపలా!"

"ఆయన ఒళ్ళు తుడిచింది, పక్క మార్చింది ఈ ఇంట్లోవాళ్ళు. నువ్వు కాదు."

"మీరూ కాదు. అక్క."

"...గొంతెండిపోయింది వీడితో. ఇదిగో, నిన్నే, కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టు."

"నాక్కూడా అక్కా."

"కొట్లాటలో ఇద్దరిదీ ఒకటే దాహం. నేనేం అడగలేదమ్మా, మీరు... అయ్యో, నాకా? థాంక్సమ్మా."

"అదేమిటి, ఒకటే గ్లాసు? ఏమే, మాకేదీ? ...వెళ్ళి కూర్చుంది చూడు."

"పరధ్యానమని మీరే అన్నారుగా బావా. మీతో మాట్లాడుతోందా అసలు?"

"అదెప్పుడూ తక్కువే మాట్లాడుతుంది. వేళకి అన్నం పెడుతుంది. బట్టలు మడతపెడుతుంది. రాత్రి నేను రాసిన పేజీలు చదివి వినిపిస్తే మొత్తం వింటుంది. ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు."

"నేను ఫోన్ చేసినా అంతే. ఎత్తుతుంది, నేను చెప్పేదంతా ఓపిగ్గా వింటుంది. ఊ కూడా అనదు. పాపం, దుఃఖం గొంతులో అడ్డం పడిపోయింది."

"అవునా? నాతో బానే మాట్లాడతారే. నిన్న అట్ట రంగు గురించి ఫోన్‌లో ఎంతసేపు చెప్పారో."

"అట్ట రంగు నేను చెప్పానుగా నీకు? ఎరుపని?"

"మీరు చెప్పింది వద్దన్నారండీ. ఎరుపు చూస్తే మాస్టారికి కళ్ళు మండేవట. నేనేదో జోకు వేస్తే నవ్వారు కూడా."

"నవ్విందా?"

"నవ్వారండీ."

"...సర్లే. బయటివాళ్ళతో తప్పదుగా, మొహమాటానికి నవ్వాలి. నువ్వా నీళ్ళు తాగి పనిచూడు. అసలు ఈ వాదనే అనవసరం. మావయ్య ఆఖరిరోజున తేల్చేశారు. వీడికి ఒప్పుకోవడానికి నామోషీ."

"ఏం తేల్చాడు? చెయ్యి లేపాడు, అంతేగా."

"పటం వైపు లేపారు. ఎడమవైపు. పెద్దల శాఖ వైపు."

"కుడివైపు! నేను కుడిపక్కన నిలబడి ఉన్నాను, నా భుజం మీదుగా చూపించాడు!"

"నీ భుజమేరా ఆయనకి అడ్డం!"

"ఆగండి. ఆరోజు మీరిద్దరూ ఈ గదిలోనే ఉన్నారా?"

"ఉన్నాం. ఇది మందుల షాపుకెళ్ళింది, కాసేపు చూస్తూ ఉండమని చెప్పి. వీడు అప్పుడే వచ్చాడు. మంచానికి చెరోపక్కా ఉన్నాం. మాట్లాడుకుంటున్నాం."

"పోట్లాడుకుంటున్నాం అనండి బావా, ప్రెస్సాయన పరాయివాడేం కాదు. ఈ వైశాలి గురించే."

"మాస్టారు ఏమీ అనలేదా?"

"గొంతు పూర్తిగా పోయిందయ్యా అప్పటికి. పెదాలు కదిలేవి. దగ్గరికి వంగి చెవి పెడితే తప్ప వినపడేది కాదు."

"మరి పెట్టారా?"

"వీడు అరుస్తుంటే ఎక్కడ పెట్టను?"

"మీరు నా చొక్కా పట్టుకుని ఉంటే నేనెలా వంగను?"

"నువ్వు వదలరా ముందు అన్నాను! వదిలావా? ...నేను అడిగాను ప్రెస్సాయనా, మావయ్యా, మీరే చెప్పండి, ఎవరిది నిజం అని. అప్పుడు చెయ్యి లేపారు."

"మీరు అడక్కముందే లేపాడు. దించేశాడు. మళ్ళీ లేపాడు."

"ఎన్నిసార్లు లేపినా పటం వైపే."

"పటం వైపే. ఆ ఒక్కటీ కాదనను. ఏ కొమ్మ అన్నదే లెక్క."

"తరవాత?"

"ఇది వచ్చింది. వీడూ నేనూ బయటికెళ్ళాం."

"ఎందుకండీ?"

"వరండాలో తేల్చుకుందామని."

"ఏం తేల్చుకున్నాం బావా? లోపలికి వచ్చేసరికి నాన్న..."

"ఊరుకోరా. ఊరుకో. ఇప్పుడది ఎందుకు?"

"ఎందుకంటే ఆ కాసేపూ అక్క ఒక్కతే ఉంది నాన్న దగ్గర! కిటికీలోంచి నేను చూశాను. నాన్న అక్క చెవిలో ఏదో చెప్పాడు. ఒక్కమాట కాదు, చాలాసేపు పెదాలు కదిలాయి. అదీ నాన్న ఆఖరిమాట. పుస్తకం చివర పడాల్సింది అది. ఏ కొమ్మో అక్కతో చెప్పే ఉంటాడు."

"అమ్మాయిగారిని అడిగారా మరి?"

"అడక్కుండా ఉంటామా? పోయినవారం అడిగాం, నిన్న అడిగాం. ఇదిగో మళ్ళీ అడుగుతున్నాను. అక్కా, నాన్న నీతో ఏమన్నాడు? ...చూశావా? కిటికీలోకే చూస్తుంది."

"అడగాల్సింది అడిగి ఉండదు. అదీ సంగతి. ఏమే, అంత దగ్గరగా వంగినదానివి, ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని ఒక్కమాట అడిగి చావలేకపోయావా? ఆనందుడు చేసిన తప్పే చేశావు నువ్వూ."

"ఆనందుడేం చేశాడండీ?"

"చిన్నచిన్న నియమాలు కావాలంటే తీసెయ్యండి అన్నాడు బుద్ధుడు పోయేముందు. ఏవి చిన్నవో ఆనందుడు అడగలేదు. సభలో పెద్దలు నిలబెట్టి కడిగేశారు."

"పాపం, అన్నేళ్ళు సేవ చేసినవాణ్ణా?"

"సేవ చేస్తే? తప్పు తప్పేగా. ఆయన కూడా ఏమన్నాడు? నాకిందులో తప్పు కనపడదు, అయినా మీమీద గౌరవం కొద్దీ ఒప్పుకుంటున్నాను అన్నాడు."

"అక్కని అలా నిలదీయకండి బావా. ఏడుస్తుంది."

"నువ్వు నిలదీయొచ్చు, నేను చేస్తే తప్పా? సరే, ఇలా తేలదు. భిక్షువుల సభలో ఎలా తేలుస్తారో అలాగే తేలుద్దాం. ప్రతిపాదన చెబుతాను. మూడుసార్లు అడుగుతాను. ఒప్పుకున్నవాళ్ళు ఊరుకోవాలి, ఒప్పుకోనివాళ్ళు మాట్లాడాలి. మూడోసారీ ఎవరూ నోరెత్తకపోతే సభ ఒప్పుకున్నట్టు. మావయ్య చెప్పిన పద్ధతే, నా సొంతం కాదు."

"నేను మొదటిసారే నోరెత్తుతాను."

"నువ్వూ నేనూ కక్షిదారులం, మన మాట చెల్లదు. సాక్షి ఇది. సభా ఇదే."

"ఆమె మీ భార్య!"

"నీ అక్క! నిన్ను ఎత్తుకుని పెంచింది. తప్పైతే తప్పని అనదా?"

"అంటుంది. కచ్చితంగా అంటుంది. కానివ్వండి."

"మావయ్య ఆఖరిరోజున పటంలో ఎడమ కొమ్మ చూపించి, పెద్దలదే సరి అని తేల్చారు. ఇది ప్రతిపాదన. ఒప్పుకున్నవాళ్ళు ఊరుకోండి, ఒప్పుకోనివాళ్ళు మాట్లాడండి. ...విన్నావుగా ప్రెస్సాయనా, చీమ చిటుక్కుమనలేదు."

"ఆగండాగండి. నాదీ చెబుతాను. నాన్న కుడి కొమ్మ చూపించి, మహాసంఘానిదే సరి అని తేల్చాడు. ఒప్పుకోనివాళ్ళు మాట్లాడండి. అక్కా! ...చూశారా బావా, దీనికీ ఊరుకుంది."

"అంటే రెండింటికీ ఒప్పుకున్నట్టేనా అండీ? అలాగైతే రెండు పుస్తకాలు వెయ్యాలి మరి."

"నువ్వు నోరు... ఏమన్నావు?"

"ఏదో అన్నానండీ, నోరుజారి."

"కాదు, కాదు. బామ్మర్దీ, అలా చూడకు. నిజం చెప్పు. నువ్వు నాతో పడలేవు, నేను నీతో పడలేను. గదివాళ్ళకి ఒక పుస్తకం, వరండావాళ్ళకి ఒక పుస్తకం. నా పేరుతో ఒకటి, నీ పేరుతో ఒకటి."

"...రెండిట్లోనూ నాన్న ఫోటో ఉండాలి."

"ఉంటుంది. నాదాంట్లో ఎడమ కొమ్మ, నీదాంట్లో కుడి కొమ్మ. రెండిట్లోనూ చివర ఒకటే మాట. గురువుగారు ఆఖరిరోజున పటం చూపించి స్వయంగా తేల్చారు, దీనికి సాక్షి ఆయన కూతురు."

"కూతురు పేరుంటే ఎవరూ కాదనలేరు. సరే బావా. ఇది బావుంది."

"చెయ్యి ఇలా ఇవ్వరా. ఇన్నాళ్ళకి కుదిరింది మనకి. ప్రెస్సాయనా, రాసుకో."

"రాసుకుంటున్నాను. ఒక క్లాసు, ఒక మాస్టారు, రెండు పుస్తకాలు. ఎందుకో నాకే బావుండలేదండీ. అమ్మాయిగారు ఏమంటారో?"

"అడుగుతున్నాంగా పద్ధతి ప్రకారం! రెండు పుస్తకాలు, రెండింటికీ ఇదే సాక్షి. ఒప్పుకున్నవాళ్ళు ఊరుకోండి, ఒప్పుకోనివాళ్ళు మాట్లాడండి. ...ఒకటయింది."

"రెండోసారి నేనడుగుతాను. అక్కా, ఒప్పుకుంటే ఊరుకో, లేకపోతే మాట్లాడు. ...రెండయింది."

"మూడోసారి. ఇదే ఆఖరు, తరవాత తిరగదోడేది లేదు. ఒప్పుకున్నవాళ్ళు ఊరుకోండి. ఒప్పుకోనివాళ్ళు మాట్లాడండి."

"అన్నయ్యా, ఆ కాగితం ఇలా ఇవ్వండి. సాక్షి అన్నచోట నా పేరు కొట్టెయ్యాలి."

"అక్కా!"

"కూర్చోండి అన్నయ్యా, మీరు లేవకండి. మీరు తోడున్నారనే చెబుతున్నాను. ఆరోజు నేను మందులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి వీళ్ళిద్దరూ ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టుకుని ఉన్నారు. మధ్యలో నాన్న చెయ్యి లేచి ఉంది. పటం వైపు కాదు. పటం కింద ఈ బల్ల ఉంది. బల్లమీద కూజా ఉంది."

"కూజానా?"

"నాన్నకి దాహమేసింది అన్నయ్యా. నేను వచ్చి తాగించాను. కూజా నిండుగానే ఉంది. చెయ్యి చాస్తే అందే దూరంలో ఉన్నారు ఇద్దరూ."

"ఇదిగో, ఇటు చూడు. ఇన్నాళ్ళూ ఈ మాట నాతో ఎందుకు చెప్పలేదు? ఒకే ఇంట్లో ఉన్నాం, రోజూ నీ కళ్ళెదుటే ఉన్నాను, ఒక్కసారి నోరు విప్పితే నీ సొమ్మేం పోయింది?"

"అక్కా, ప్రెస్సాయనకి కాదు, నాకు చెప్పు. నావైపు చూడు. నాన్న నీ చెవిలో చెప్పింది ఏమిటి?"

"అమ్మా, అడుగుతున్నారు కదా, వాళ్ళకే చెప్పండి."

"వాళ్ళతో మాట్లాడకూడదు అన్నయ్యా. నీళ్ళు తాగాక నాన్న చెప్పింది అదే. వీళ్ళిద్దరికీ ఛన్నుడి శిక్ష వెయ్యమ్మా అన్నారు. ఆ సాయంత్రమే వేశాను. ఎవరో ఒకరు అడుగుతారని, ఎందుకు మాట్లాడటంలేదని ఒక్కరైనా అడుగుతారని చూశాను. ఇవాళ్టిదాకా ఇద్దరికీ తెలియనేలేదు."